అక్క గదిలో బల్బు

వీధి మలుపులో ఉన్న ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఆయనది. కొన్నవాళ్ళకీ, బేరమాడి వెళ్ళిపోయినవాళ్ళకీ కూడా ఆయన బల్బుల బాబాయే. యాభై దాటాయి. పొట్ట కొంచెం ముందుకొచ్చింది, మాట దానికంటే ఇంకా ముందు నడుస్తుంది. కౌంటర్ మీద ఒక చెక్క, దానికి మూడు హోల్డర్లు, పక్కన స్విచ్చు. ఏ బల్బునైనా అందులో పెట్టి, వెలిగించి, ఆ వెలుగు కొనేవాళ్ళ మొహం మీద పడ్డాకే అట్టపెట్టెలో పెట్టి ఇస్తాడు. "వెలగనిది మా గడప దాటదు" అని గుమ్మం పైన బోర్డు రాయించాడు. ఆ బోర్డు చుట్టూ కూడా బల్బులే.

ఎవరైనా ఎన్నాళ్ళు వస్తుందని నసిగితే బాబాయి దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉండేది.

"మా ఇంటి మేడ మీద మా అక్క గదిలో ఇదే రకం పెట్టాను. పన్నెండేళ్ళు నిండాయి. ఇంతవరకు మార్చే పనే పడలేదు!"

అందులో అబద్ధం లేదు. అక్క ఆ బల్బును పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా వెలిగించలేదన్న ముక్క మాత్రం చెప్పేవాడు కాదు. వ్యాపారంలో అన్నీ చెబుతూ కూర్చుంటే అయ్యే పనేనా?

ఆ అక్క ఆయనకంటే పదేళ్ళు పెద్ద. తల్లి పోయేనాటికి బాబాయికి ఆరేళ్ళు, ఆమెకు పదహారు. అప్పటినుంచి తమ్ముడికి జడుపు జ్వరమొచ్చినా, లెక్కల పరీక్ష వచ్చినా ఆమే కూర్చుంది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా వీడు కాస్త పెద్దవాడవ్వాలి అంది. వీడు పెద్దవాడయ్యేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళు లేకుండా పోయారు. ఫ్యాను మోటారుకు రాగి తీగ చుట్టడం బాబాయికి నేర్పింది కూడా ఆమే. చుట్టు చుట్టుకీ మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా విప్పించి మళ్ళీ చుట్టించేది. ఇన్నేళ్ళలో "బాగా చేశావురా" అన్న మాట ఆమె నోట బాబాయి వినలేదు. దానికోసం ఆయన చెయ్యని గారడీ లేదు.

ఆమె నలభై ఎనిమిదో ఏట ఒక కాగితం తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. సన్యసించి సాధ్వినవుతాను, దీక్ష తీసుకుంటాను, ఇంటివాళ్ళ సమ్మతి కావాలి, ఇక్కడ సంతకం పెట్టు అంది. వాళ్ళ జైన సంఘంలో అది లేనిదే గురువులు దీక్ష ఇవ్వరు. దీక్ష తీసుకుంటే ఇల్లు లేదు, తమ్ముడు లేడు, చెప్పులు లేవు. తల వెంట్రుకలు చేత్తో పీకేసుకోవాలి. అన్నిటికీ మించి, నిప్పులో కూడా జీవం ఉందని నమ్మే ఆ తోవలో దీపం ముట్టుకోకూడదు, స్విచ్చు నొక్కకూడదు. బల్బుల షాపు ఆయన అక్క వెళ్ళి వెళ్ళి, ఆయన షాపులో ఒక్క వస్తువు కూడా పనికిరాని చోటికి పోతానంటోంది!

"చూద్దాంలే అక్కా," అని కాగితం మడిచి షాపులో గ్యారంటీ కార్డుల సొరుగులో పడేశాడు. ఆ సాయంత్రమే ఒక పెద్ద బల్బు తెచ్చి ఆమె గదిలో పెట్టించాడు. అడిగింది అనుమతి, ఇచ్చింది బల్బు. ఆమె దాని వంక చూసి, కిటికీ పక్కకు జరిగి కూర్చుని, పొద్దు వెలుగు ఉన్నంతసేపు చదువుకుని, పొద్దు వాలగానే పుస్తకం మూసింది. ఆ తర్వాత రోజూ అంతే.

సంతకానికి మాత్రం ఏటా ఒక అడ్డం. ఒక ఏడు షాపు మార్పు. ఒక ఏడు కూతురి పరీక్షలు. ఒక ఏడు ఆమె మోకాళ్ళు. "ఊళ్ళకు ఊళ్ళు చెప్పుల్లేకుండా నడవాలక్కా, ఈ మోకాళ్ళతోనా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. ఆమె వాదించే మనిషి కాదు. ఏడాదికి ఒక్కసారి అడిగేది. అది కూడా దీపావళి మర్నాడు పొద్దు పొడిచాక.

దీపావళి అనగానే టపాసులు గుర్తొచ్చేవాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. జైనులకు అది మహావీరుడు నిర్వాణం పొందిన అమావాస్య. ఆ రాత్రి చివరి ఝాములో ఆయన దేహం విడిచాడనీ, అక్కడ చేరిన పద్దెనిమిది మంది రాజులు "జ్ఞానమనే వెలుగు వెళ్ళిపోయింది, ఇక మనకు మిగిలింది మామూలు దీపాలే" అనుకుని వాటిని వెలిగించారనీ చెప్పుకుంటారు. అంటే సంబరంతో పెట్టినవి కావు, లేని వెలుగుకు బదులు పెట్టినవి. ముందు రోజూ ఆ అమావాస్యా, రెండు రోజులూ అక్క ఉపవాసం ఉండి, మందిరం పక్క హాలులో సాధ్విలాగే గడిపేది. స్విచ్చు ముట్టుకోదు, మాట్లాడదు. మౌనమంటే ఆమెకు నోరొక్కటే కాదు, కాగితం మీద రాసి చూపించడం కూడా లేదు. మూడో రోజు పొద్దు పొడిచాక వ్రతం ముగిసేది. అప్పుడు తమ్ముణ్ణి చూసి ఆమె అనే మొదటి మాట ఒక్కటే.

"సంతకం?"

"వచ్చే ఏడు అక్కా."

ఇదీ వాళ్ళిద్దరి దీపావళి.

బాబాయి దీపావళి వేరే ఉంది. ఇరవై ఏళ్ళుగా మందిరం దీపాలంకరణ ఆయనదే. అంతకుముందు నూనె ప్రమిదలు పెట్టేవాళ్ళు. "ప్రమిదలో పురుగులు పడి చావడం లేదా? ఇదేనా అహింస? బల్బైతే నిప్పు బయటికి రాదు, ప్రాణికి హాని లేదు," అని సంఘం మీటింగులో బాబాయి ఒంటికాలి మీద లేచాడు. అందరూ తలలూపారు. మర్నాటినుంచి షాపులో సీరియల్ సెట్ల మీద "అహింసా దీపాలు" అని చీటీలు అంటించాడు. మొదటి ఏడు పద్దెనిమిది మంది రాజులకు పద్దెనిమిది బల్బులు. తర్వాత నూట ఎనభై. ఆ తర్వాత రాజుల సంగతి ఎవరికీ గుర్తు లేదు, సున్నాలు మాత్రం పెరుగుతూ పోయాయి.

ఈ ఏడు పద్దెనిమిది వేలు. దాని వెనక ఒక లెక్క ఉంది. దీక్ష ఇచ్చే గురువులు ఈసారి మరీ దగ్గరలోనే మకాం వేశారని తెలిసినప్పటినుంచి బాబాయికి తిండి సయించడం లేదు. ఈసారి అక్క గట్టిగా అడిగితే తప్పించుకోలేనని తెలుసు. అందుకని, ఆమె అడగకముందే ఆమె కళ్ళు చెదిరే పని చెయ్యాలి. ఇంత వెలుగు ఇక్కడే పెట్టుకుని చీకట్లోకి ఎందుకు పోవాలి అని ఆమెకే అనిపించాలి.

"పద్దెనిమిది వేల బల్బులు చూసి వదిన ఆగిపోతుందంటారా?" అని భార్య అడిగింది.

"నీకేం తెలుసు? మా అక్కకి పని బాగుంటే నచ్చుతుంది."

"నచ్చితే ఆగుతుందా అని అడుగుతున్నా."

బాబాయి మాట దాటేసి, టేపు చుట్ట పట్టుకుని మందిరానికి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు వైర్లు లాగారు. గోపురానికి ఆరు వరసలు, ప్రహరీకి నాలుగు, ముంగిట్లో పందిరిలా అల్లినవి లెక్కలేదు. మెయిన్ బోర్డు ముంగిలికి అవతలి మూల పెట్టించి, ఎవరి చెయ్యీ పడకుండా తాళం వేసి, తాళంచెవి తన మొలతాడుకు కట్టుకున్నాడు.

అమావాస్య మధ్యాహ్నం సన్నగా తుంపర పడింది. సాయంత్రం హాలులో రిటైరైన మాస్టారు నిర్వాణ కథ చదవడం మొదలుపెట్టారు. అక్క ముందు వరసలో తెల్లచీర కట్టుకుని, ఒళ్ళో ఉన్ని కుంచె పెట్టుకుని కూర్చుంది. నేల మీది చీమనైనా నొప్పి లేకుండా పక్కకు తప్పించడానికి ఆ కుంచె. కథకీ బల్బులకీ మధ్య ఇరవై ఏళ్ళుగా ఒక ఏర్పాటుంది. "రాజులు దీపాలు వెలిగించారు" అని మాస్టారు అనగానే బాబాయి స్విచ్చు వెయ్యాలి. అందుకని ఆయన ఎప్పుడూ బోర్డు దగ్గరే నిలబడి, కిటికీలోంచి చెవి ఒగ్గేవాడు. ఆ మాట వినబడింది. స్విచ్చు పడింది.

ముంగిలి పట్టపగలైంది. హాలులో ఉన్న జనమంతా లేచి బయటికొచ్చారు. అబ్బో అన్నారు, ఫోన్లు తీశారు, పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు. లోపల మాస్టారు చదువుతూనే ఉన్నారు. వినడానికి అక్క ఒక్కతే మిగిలింది. ఇరవై ఏళ్ళుగా ఆ కథ రెండో సగానికి శ్రోత ఆమె ఒక్కతే.

చదవడం అయ్యాక ఆమె హాలు మెట్ల మీదికి వచ్చి తలెత్తి చూసింది. బాబాయి ఆ క్షణం కోసమే కాసుకుని ఉన్నాడు. ఆమె చెయ్యి పైకెత్తి బల్బుల వైపు చూపించింది. తర్వాత వేళ్ళు రెపరెపలాడించింది.

"మిణుకు మిణుకుమనాలంటోంది!" అని బాబాయి పరుగున వెళ్ళి బోర్డులో మీట మార్చాడు. పద్దెనిమిది వేలూ ఆరి వెలగడం మొదలుపెట్టాయి. జనం చప్పట్లు కొట్టారు.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. తల అడ్డంగా ఊపి, అరచేయి కిందికి దించుతూ చూపించింది.

"మరీ వేగమైందిట, కాస్త తగ్గించమంటోంది," అని తగ్గించాడు.

ఆమె కాసేపు అలాగే నిలబడింది. ఆపైన రెండు చేతులూ జోడించి తమ్ముడికి దణ్ణం పెట్టింది.

బాబాయికి కాళ్ళు నేల మీద ఆనలేదు. అక్క తనకు దణ్ణం పెట్టింది! పెద్దది చిన్నవాడికి దణ్ణమెందుకు పెడుతుంది, అందులోనూ ఈ అక్క, అన్న అనుమానం రావలసింది. రాలేదు. ఆనందంలో ఉన్నవాడికి అనుమానాలు రావు. ఇంటికెళ్ళి, "ఇక ఎక్కడికీ వెళ్ళదు, చూస్తూండు," అని భార్యతో చెప్పి, పన్నెండేళ్ళలో మొదటిసారి హాయిగా నిద్రపోయాడు. తెల్లవార్లూ వెలగనివ్వమని సంఘం పెద్దలే చెప్పారు కాబట్టి తాళంచెవి మొలతాడుకే ఉంది.

తెల్లవారుజామున నిర్వాణ లడ్డూ సమర్పించడానికి మందిరానికి వెళ్ళేసరికి గేటు బయట గుంపు. సంఘం అధ్యక్షుడు పళ్ళెంలో లడ్డూ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. రెండో కాలు గాల్లో ఉంది. దింపడానికి చోటు లేదు.

ముంగిలి నిండా ఉసిళ్ళు. తుంపరకు నేలలోంచి లేచి, రాత్రంతా ఆ వెలుగుల చుట్టూ తిరిగి, వేడి బల్బులకు కొట్టుకుని, రెక్కలూడి, మెట్ల మీద, నాపరాళ్ళ మీద, మందిరం గడప మీద రాలాయి. చచ్చినవి చచ్చాయి. చావనివి పాకుతున్నాయి. పైన బల్బులు ఇంకా మిణుకుమంటూనే ఉన్నాయి, కొత్తవి రాలుతూనే ఉన్నాయి. అడుగు వేస్తే హింస. వెయ్యకపోతే లడ్డూ ముహూర్తం పోతుంది. అందరూ చెప్పుల్లేని కాళ్ళతో నిలబడి ఒకరినొకరు ముందు వెళ్ళమని మర్యాద చేసుకుంటున్నారు.

"అహింసా దీపాలు," అన్నారెవరో వెనకనుంచి.

బాబాయికి తల తీసేసినట్టయింది. అప్పుడు కనిపించింది అక్క. ముంగిలి మధ్య గొంతుక్కూర్చుని, కుంచెతో ఒక్కొక్కదాన్నీ పక్కకు జరుపుతోంది. పాకుతున్నవాటిని కాగితం మీదికెక్కించి గోడ వార తడి మట్టిలో వదులుతోంది. ఎప్పుడు మొదలుపెట్టిందో, చీర అంచంతా రెక్కలు. నిన్న ఆమె వేళ్ళు ఎందుకు రెపరెపలాడాయో, చెయ్యి ఎందుకు కిందికి దించిందో, ఆ దణ్ణం ఎందుకో బాబాయికి ఒక్కసారిగా అర్థమైంది. స్విచ్చు తాను ముట్టుకోలేదు. నోరు విప్పలేదు. ముట్టుకోగలిగిన తమ్ముణ్ణి బతిమాలింది. ఆ తమ్ముడు మీట మార్చి మిణుకు మిణుకులు పెట్టాడు.

"బోర్డు కట్టెయ్యవయ్యా బాబూ!" అన్నాడు అధ్యక్షుడు. కాలు ఇంకా గాల్లోనే ఉంది.

బోర్డు అవతలి మూల. నలభై అడుగులు. అక్క తలెత్తి తమ్ముణ్ణి చూసింది. మారు సైగ లేకుండా తిరిగి, గేటు దాకా వచ్చి, తమ్ముడి కాలి ముందు జానెడు నేల శుభ్రం చేసింది. ఆయన అందులో కాలు పెట్టాడు. ఇంకో జానెడు. ఇంకో కాలు. ఇన్నేళ్ళుగా మాటతో ముందు పరిగెత్తిన మనిషి, ఒంగిపోయిన అరవై ఏళ్ళ అక్క వెనక, ఆమె మోకాళ్ళు కీళ్ళ దగ్గర కటకటమనడం వింటూ, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. నలభై అడుగులకు ముప్పావు గంట పట్టింది. ఆ మోకాళ్ళ పేరు చెప్పే ఒక ఏడు సంతకం ఎగ్గొట్టాడు.

తాళం తీసి మెయిన్ దించాడు. పద్దెనిమిది వేలూ ఒక్కసారి ఆరిపోయాయి. చీకటి పడుతుందనుకున్నాడు. పడలేదు. అప్పటికే తెల్లవారుతోంది, ఆ బల్బుల వల్ల ఎవరికీ తెలియలేదు అంతే.

బోర్డుకు దగ్గర్లోనే హాలు మెట్ల మీద మాస్టారు రాత్రినుంచీ ఇరుక్కుపోయి కూర్చున్నారు. ఒళ్ళో పుస్తకం.

"ఏమయ్యా బాబాయి, ఇప్పుడు నీకు స్విచ్చు పని లేదుగా. మిగతా కథ విను," అన్నారు.

"మిగతాదా? రాజులు దీపాలు పెట్టారు, అయిపోయిందిగా మాస్టారూ?"

"నువ్వు స్విచ్చు వేస్తే అయిపోయిందనుకున్నావా? కూర్చో."

బాబాయి ఆ మెట్టు మీదే కూర్చున్నాడు. మాస్టారు చదివారు. మహావీరుడి పెద్ద శిష్యుడు గౌతముడు. ఆయన చేత ఉపదేశం పొందినవాళ్ళందరికీ జ్ఞానం కలిగింది, ఆయనకు మాత్రం కలగలేదు. గురువంటే అంత ప్రేమ. ఆ చివరి రోజు గురువు ఆయన్ని కావాలనే పక్క ఊరికి ఎవరికో బోధించమని పంపేశాడు. తిరిగొస్తుంటే దారిలో కబురు తెలిసింది. గౌతముడు చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఇంత సమయంలో నన్ను దూరం పంపుతావా, పట్టుకుని ఆపేస్తాననా అని నిష్ఠూరమాడాడు. ఆడి ఆడి, ఆ మాట దగ్గరే ఆగాడు. అవును, పట్టుకున్నది నేనే కదా అనుకున్నాడు. ఆ ముడి విడిపోయింది. ఆ తెల్లవారుజామునే ఆయనకు జ్ఞానం కలిగింది. అందుకే రాత్రి దీపాలు, తెల్లారి పండుగ.

బాబాయి ఆరిన బల్బుల వంక చూశాడు.

"ఇదెప్పుడు రాశారు మాస్టారూ?"

"ఎప్పటినుంచో ఉందయ్యా. ఏటా చదువుతూనే ఉన్నాను. నువ్వు బోర్డు దగ్గరుంటావు."

గోడ మీదికి ఎండ వచ్చింది. అక్క కుంచె పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని వ్రతం ముగించుకుంది. బాబాయి లేచి నిలబడ్డాడు. ఆ మాట వస్తుంది. ఆమె ఆయన వైపు తిరిగింది.

"నడుం పట్టేసిందారా?" అంది.

అంతే. ఇంకేం అనలేదు.

"సంతకం అడగవేంటక్కా?"

"ఈసారి అడగనురా. పన్నెండేళ్ళు అడిగాను. అడగడం కూడా పట్టుకోవడమే కదా."

బాబాయి ఏడ్చాడు. అందరి ముందూ, అధ్యక్షుడి లడ్డూ ముందూ, సిగ్గు లేకుండా ఏడ్చాడు. ఏడుస్తూనే షాపుకెళ్ళి, షట్టరు సగం లేపి, గ్యారంటీ కార్డుల సొరుగులోంచి పసుపు పట్టిన కాగితం తీసి, లైటు వెయ్యకుండా గుమ్మం వెలుగులో సంతకం పెట్టాడు.

నెల తిరక్కుండానే ఆమె వెళ్ళిపోయింది. తెల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్ళు, వెనక్కి చూడలేదు. చూడకూడదుట. బాబాయి సందు చివరిదాకా వెళ్ళి ఆగిపోయాడు.

ఆ వారంలో భార్య మేడ మీది గది ఖాళీ చేసి, ఆ బల్బు విప్పి షాపుకు తెచ్చింది.

"వాడనిదేగా, ఎవరికైనా ఇచ్చెయ్యండి."

బాబాయి దాన్ని చొక్కాకు తుడిచి, అలవాటుగా చెక్క మీది హోల్డరులో పెట్టి స్విచ్చు వేశాడు. వెలగలేదు. తిప్పి పెట్టాడు. వెలగలేదు. చెవి దగ్గర ఊపి చూశాడు. లోపల తెగిన తీగ సన్నగా గలగలమంది.

"ఇదెప్పుడు పోయింది?"

భార్య తల దించుకుంది. "ఇప్పుడు కాదండీ. మీరు పెట్టిన మర్నాడే నేను గది ఊడుస్తూ స్విచ్చు వేస్తే వెలగలేదు. వదినతో అన్నాను. వాడికి చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు, వెంటనే ఇంకోటి పట్టుకొస్తాడు, అంది."

ఆ రోజు హడావుడిలో టెస్ట్ చెయ్యకుండా తీసుకెళ్ళానని బాబాయికి గుర్తొచ్చింది. తలెత్తి గుమ్మం పైనున్న బోర్డు చూశాడు. సొరుగు లాగి, కాగితం ఉండిన చోట ఆ బల్బు పెట్టి మూశాడు.

సాయంత్రం ఒకావిడ వచ్చింది.

"మీ అక్కగారి గదిలో పన్నెండేళ్ళు వచ్చిందని చెబుతారే, ఆ బల్బు ఒకటి ఇవ్వండి."

బాబాయి కౌంటర్ మీద చేతులానించాడు.

"ఆ రకం ఇక రాదండీ," అన్నాడు.